ఆరుబయట రైతు సంత పెట్టాలంటే: ఆశీలు కాగితం నుంచి కాటా సీలు దాకా

ఆదివారం తెల్లారకముందే నలభై మంది రైతులు తట్టలు దించుకుని కూర్చుంటారు. బేరాలు అందుకున్న అరగంటకు ఒకాయన రసీదు పుస్తకంతో వచ్చి తట్టకు ఇంత కట్టమంటాడు. ఆయన ఆశీలు, అంటే సంతలో అమ్మేవాళ్ల దగ్గర స్థానిక సంస్థ తీసుకునే రుసుము, వసూలు హక్కును వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు తాలూకు మనిషి. నిర్వాహకుల దగ్గర తహసీల్దారు ఇచ్చిన మాట ఉంటుంది, ఎమ్మెల్యే ఆశీస్సులుంటాయి, ప్రారంభోత్సవం ఫోటోలుంటాయి. ఈ జాగా ఆశీలు కిందికి రాదని చూపించే కాగితం ఒక్కటే ఉండదు. మాటా మాటా పెరిగేసరికి కొనేవాళ్లు జారుకుంటారు, రెండో వారానికి సగం మంది రైతులు రారు. అందుకే లైసెన్సుల కన్నా ముందు ఆశీలు సంగతి తేల్చుకోవాలి.

కింద చెప్పేదంతా 30 నుంచి 50 మంది రైతులు వారానికొక పూట తమ పంట తామే అమ్ముకునే సంత గురించి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక సంఘమో, ఎఫ్‌పీఓనో (రైతు ఉత్పత్తిదారుల సంస్థ), కాలనీ కమిటీయో పెట్టదగిన సైజు ఇది. దీనికి ‘రైతు బజార్’ అని పేరు పెట్టకండి. ఆ పేరుతో 1999 జనవరిలో ప్రభుత్వం మొదలుపెట్టిన వ్యవస్థ వేరే ఉంది. దానికి మార్కెటింగ్ శాఖ, ఎస్టేట్ ఆఫీసరు, శాఖ ఇచ్చే రైతు కార్డులు ఉంటాయి. మీరు బోర్డు మీద అదే పేరు రాస్తే వచ్చిన ప్రతి అధికారీ ఆ కార్డులే అడుగుతాడు. ‘రైతు సంత’ అంటే సరిపోతుంది.

జాగా ఎవరిది, ఎవరి హద్దులో ఉంది

మీ జాగా ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉందో దాన్నిబట్టే వర్తించే చట్టం మారుతుంది. నెల్లూరు, ఒంగోలు నగరాలైతే కార్పొరేషన్ కమిషనరు, కావలి లాంటి చోట మున్సిపల్ కమిషనరు, ఊళ్లలో గ్రామ పంచాయతీ. ఊరి చివర వేసిన కొత్త లేఅవుట్లలో ఇది తికమకగా ఉంటుంది. రోడ్డుకు ఒక పక్క మున్సిపాలిటీ, రెండో పక్క పంచాయతీ ఉండొచ్చు. ముందు సర్వే నంబరు పట్టుకుని సచివాలయంలో హద్దు ఖాయం చేసుకోండి.

ప్రైవేటు స్థలమైతే యజమాని దగ్గర కనీసం 11 నెలలకు రాతపూర్వక ఒప్పందం రాయించుకోండి. ఏ వారం, ఏ గంట నుంచి ఏ గంట వరకు, అద్దె ఎంత, చెత్త ఎవరు ఎత్తాలి, బోరు నీళ్లు వాడుకోవచ్చా లేదా అన్నవన్నీ అందులో ఉండాలి. దేవుడి మాన్యమైతే పూజారి ఒప్పుకుంటే చాలదు, దేవాదాయ శాఖ కార్యనిర్వహణాధికారి నుంచి కాగితం రావాలి. పోరంబోకు అయితే తహసీల్దారు. బడి మైదానం జోలికి వెళ్లొద్దు. హెడ్మాస్టరు సరేనన్నా సోమవారం పొద్దున పిల్లల కాళ్ల కింద కుళ్లిన టమాటా కనిపిస్తే ఆ సంత అక్కడితో సరి.

16వ నంబరు జాతీయ రహదారి రెండు జిల్లాల గుండా పోతుంది కాబట్టి సర్వీసు రోడ్డు పక్కన పెడితే జనం బాగా వస్తారనే ఆశ అందరికీ ఉంటుంది. హైవే భూమి మీద తట్ట పెట్టడమంటే 2002 జాతీయ రహదారుల భూమి నియంత్రణ చట్టం కింద ఆక్రమణే, ఎప్పుడైనా లేపేస్తారు. దానికన్నా ముందు, లారీలు పోయే దారి పక్క పసిపిల్లలను చంకనేసుకుని కూరగాయలు కొనే చోటు పెట్టడం ఏ రకంగానూ మంచిది కాదు. పట్టణంలో మున్సిపల్ రోడ్డు అంచునే పెట్టాలనుకుంటే అది 2014 వీధి వ్యాపారుల చట్టం కిందికి వస్తుంది. పట్టణ వెండింగ్ కమిటీ ఆ వీధిని అమ్మకాల జోన్‌గా చూపిస్తేనే ముందుకెళ్లండి.

ఎంత జాగా కావాలి? తట్టలు పెట్టే చోటు రైతుకు 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు. వెనక సంచులు, క్రేట్లు పెట్టుకోవడానికి మరో 4 అడుగులు. ఎదురెదురు రెండు వరసలు, నడుమ 12 అడుగుల బాట. వరసకు 20 మంది చొప్పున, అయిదుగురికొకసారి 4 అడుగుల సందు వదిలితే మొత్తం 132 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు, అంటే దాదాపు 11 సెంట్లు. బండ్లు నిలిపేందుకు, ఆటోలు దించేందుకు కూడా కలుపుకుంటే 25 నుంచి 30 సెంట్లు చూడండి. బాటను 8 అడుగులకు కుదిస్తే ఇంకో వరస పడుతుందని ఎవరో ఒకరు అంటారు. కుదించకండి. రెండు వైపులా జనం వంగి ఏరుకుంటుంటే నడుమ మనిషి పోలేడు, అంబులెన్సు సంగతి చెప్పక్కర్లేదు. బాట తూర్పు పడమరలుగా ఉంటే రెండు వరసల్లో దేనికీ పొద్దుటి ఎదురెండ కొట్టదు. అది చూసుకోకపోతే ఎనిమిది గంటలకే తోటకూర వాలిపోతుంది.

ఆశీలు: దరఖాస్తుకు ముందే చదవాల్సిన కాగితం

పంచాయతీ, మున్సిపాలిటీ తమ సంతల్లో రుసుము వసూలు హక్కును ఏడాదికొకసారి వేలం వేస్తాయి. పాట ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉంటుంది, వేలం అంతకు ముందే జరుగుతుంది. పాట ప్రకటనలో హద్దులు ఎలా రాశారన్నదే అసలు విషయం. ‘వారపు సంత స్థలం’ అని సర్వే నంబరుతో రాస్తే కాంట్రాక్టరు హక్కు ఆ స్థలం వరకే. ‘గ్రామ పరిధిలోని సంతలు, రోడ్ల పక్క అమ్మకాలు’ అని రాస్తే మీ జాగా కూడా తనదేనంటాడు.

చేయాల్సిన పనులు ఇవి. వేలం ప్రకటన, ఒప్పంద షరతులు, తట్టకు, బండికి, లారీకి ఎంతెంత అన్న రేట్ల పట్టిక నకలు పంచాయతీ కార్యదర్శిని లేదా మున్సిపల్ రెవెన్యూ విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. హద్దు మీ జాగాను తాకకపోతే ఆ సంగతి అనుమతి పత్రంలో ఒక వాక్యంగా రాయించుకోండి. తాకితే దారులు రెండు: వచ్చే వేలం ప్రకటనలో మీ సర్వే నంబరును మినహాయించమని జనవరిలోనే అర్జీ పెట్టడం, లేదా ఈ ఏడాదికి కాంట్రాక్టరుతో వారానికి ఇంత అని గంపగుత్తగా మాట్లాడుకుని రసీదు తీసుకోవడం. రెండో దారి తేలిక. కాకపోతే ఆ డబ్బు కూడా స్థానిక సంస్థ ఖాయం చేసిన రేట్ల లెక్కకు మించకూడదు. ఒక్కో రైతు దగ్గరికీ ఆ మనిషిని మాత్రం పోనివ్వకండి. రైతు మీకు కట్టిన రుసుములోనే అది కలిసి ఉండాలి.

ప్రైవేటు సంతకు లైసెన్సు

సొంత జాగాలో పెట్టుకుంటున్నాం కదా, లైసెన్సెందుకు అనుకోవద్దు. పంచాయతీరాజ్ చట్టం 1994 గానీ, పట్టణాలకు వర్తించే మున్సిపల్ చట్టాలు గానీ ప్రైవేటు సంతకు స్థానిక సంస్థ లైసెన్సు ఉండాలంటాయి. దరఖాస్తుకు జత చేయాల్సినవి: జాగా ఒప్పందం, చేత్తో గీసినా సరే కొలతలతో నక్షా, ఏ రోజు ఏ వేళల్లో అన్నది, అమ్మే సరుకుల జాబితా, చెత్త తీసే ఏర్పాటు, మరుగుదొడ్లు ఎక్కడో, సంఘం రిజిస్ట్రేషన్ కాగితం, బాధ్యుడి ఆధార్. పంచాయతీలో అయితే సభ తీర్మానం కావాలి. తీర్మానం నంబరు, తేదీ వేసిన నకలు తెచ్చుకోండి, ‘సర్పంచి గారు సరేనన్నారు’ అన్నది ఎక్కడా చెల్లదు. ఏ అర్జీ ఇచ్చినా రెండో కాపీ మీద అందినట్టు సంతకం, స్టాంపు, తేదీ వేయించుకోండి.

మార్కెట్ కమిటీ సంగతి వేరు. 1966 మార్కెట్ల చట్టం కింద ప్రకటించిన సరుకుల మీద సెస్సు ఉంటుంది, వ్యాపారులకు లైసెన్సుంటుంది. ఇంటికి కొనుక్కునేవాళ్లకు తన పంట తాను అమ్ముకునే రైతు దీని గురి కాదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, తెల్లారి అయిదింటికి హోటళ్లవాళ్లో మారుబేరగాళ్లో వచ్చి నిమ్మకాయలు, అరటి గెలలు బస్తాలకు బస్తాలు ఎత్తినప్పుడు. పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లు దగ్గర్లోనే ఉన్నాయి, టోకు బేరం అక్కడే చేసుకోమనండి. మీ సంతలో మనిషికి సరుకుకు 10 కిలోలు దాటి అమ్మరాదని నియమం పెట్టి, అది రాసిన లేఖ ఒకటి మార్కెట్ కమిటీ కార్యదర్శికి ముందే ఇచ్చి ఉంచండి.

స్టేషనులో ఎస్సైకి తెలియజేసే లేఖ ఇవ్వాలి. మైకు పెడితే 2000 శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పోలీసు అనుమతి తప్పనిసరి, ఉదయం 6 కి ముందు ఎలాగూ కుదరదు, ఆసుపత్రికీ బడికీ 100 మీటర్ల లోపల అసలే వద్దు. నిజానికి పొద్దుటి సంతకు మైకెందుకు? తాత్కాలిక కరెంటుకు నెల్లూరు వైపు ఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. కొక్కేలు తగిలించి లైట్లు వేయొద్దు. డ్రమ్ముల నీళ్లూ తడి నేలా ఉన్నచోట 30 మిల్లీయాంపుల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకుండా ఒక్క బల్బు కూడా వద్దు.

రైతేనా, మారుబేరగాడా

సంత పేరు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. ఈ పనికి రెండు వారాలు పెట్టండి.

ప్రతి రైతు నుంచి పట్టాదారు పాసు పుస్తకం, ఈ-పంట నమోదు నకలు తీసుకోండి. కౌలు రైతుకు పాసు పుస్తకం ఉండదు, 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే సీసీఆర్‌సీ కార్డు అడగండి. అది 11 నెలలే చెల్లుతుంది కాబట్టి గడువు తేదీ మీ పుస్తకంలో రాసుకోండి. నోటి మాట కౌలు మీద సేద్యం చేసేవాళ్లు ఈ రెండు జిల్లాల్లో చాలామంది. కార్డు లేదని వాళ్లను తోసేస్తే కష్టపడే అసలు రైతే బయటికి పోతాడు. అలాంటిచోట గ్రామ ఉద్యాన సహాయకుడు పొలం చూసి రాసిచ్చిన ధ్రువీకరణ తీసుకోండి.

తర్వాత మీ పుస్తకంలో ఒక్కో రైతుకు ఒక పేజీ. సర్వే నంబరు, సెంట్లు, ఏ పంట, నాటిన తేదీ, కోత ఏ వారం నుంచి ఏ వారం దాకా. ఇది ఉంటే లెక్క తనంతట తానే మాట్లాడుతుంది. 20 సెంట్ల వంగతోట బాగా కాస్తే రెండు టన్నులు, ఇంకొంచెం. కోత పదిహేను వారాలు సాగుతుందనుకుంటే వారానికి నూటయాభై కిలోలకు మించవు. ఆ రైతు ప్రతి ఆదివారం నాలుగు వందల కిలోలు దించుతుంటే మిగతావి ఎక్కడివో అడగక్కర్లేదు, టోకు మార్కెట్ నుంచి వచ్చినవే. కంటికి తెలిసే గుర్తులూ ఉన్నాయి. ఒకే తట్టలో కాయలన్నీ ఒకే సైజు, ఒకే మెరుపు. తొడిమ ఎండిపోయి ఉండటం. సంచి మీద మండీ గుర్తు. వంకాయ, బీన్సు, క్యారెట్టు మూడూ ఒకే మనిషి దగ్గర.

ఉల్లి, బంగాళాదుంప, క్యారెట్టు లేకపోతే కొనేవాళ్లు మళ్లీ బజారుకు పోవాలి, పోతే మిగతావీ అక్కడే కొంటారు. ప్రభుత్వ రైతు బజార్లలో చేసినట్టే ఈ సరుకులకు ఒకటి రెండు స్టాళ్లు పొదుపు సంఘాలకు ఇచ్చి, ‘బయటి సరుకు’ అని బోర్డు పెట్టించండి. దాపరికం లేకుంటే పేచీ లేదు.

ధర సంగతిలో రైతు బజారు సూత్రం అరువు తెచ్చుకోవచ్చు: టోకు ధర కన్నా 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా 25 శాతం తక్కువ. పొద్దున్నే టోకు ధర కనుక్కుని, ఆ లెక్కన వచ్చిన ధరను బోర్డు మీద సుద్దతో రాయండి. అది గరిష్ఠ ధరే సుమా, చివరి గంటలో రైతు తగ్గించి అమ్ముకుంటే అడ్డు చెప్పకూడదు.

కాటా

2009 తూనికలు కొలతల చట్టం సంతకు కూడా అంతే వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా, ఇనుప బాట్లకు, త్రాసుకు రెండేళ్లకొకసారి ముద్ర వేయించాలి. రాళ్లు, డబ్బాలు, సేర్లు, వీశెలు చెల్లవు. ఆకుకూర కట్ట లెక్కన అమ్మొచ్చు, నిమ్మకాయ కాయ లెక్కన అమ్మొచ్చు, అది సంఖ్య కాబట్టి. నలభై కాటాలు విడివిడిగా ఆఫీసుకు మోయడం కన్నా లీగల్ మెట్రాలజీ ఇన్‌స్పెక్టరుకు అర్జీ పెట్టి ఒక రోజు మీ జాగాకే రమ్మని కోరండి.

ముద్ర ఎలా చూడాలో తెలియక మోసపోతారు. కాటా అడుగునో పక్కనో సన్నని తీగకు సీసపు బిళ్ల ఉంటుంది. దాని మీద సంవత్సరం చివరి రెండంకెలు, పక్కన త్రైమాసికాన్ని తెలిపే అక్షరం. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. తీగ తెగి ఉంటే ముద్ర ఉన్నా లేనట్టే, లోపల ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. సర్టిఫికెట్ కాగితం స్టాలు దగ్గరే ఉండాలి.

సంత రోజున అందరికన్నా ముందు వచ్చి, ముద్ర వేసిన 5 కిలోల బాటుతో ప్రతి కాటా పరీక్షించండి. పళ్లెం నడుమ ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టాలి. 30 కిలోల వరకు తూచే, 5 గ్రాముల చొప్పున అంకె మారే మామూలు కాటాలో 10 గ్రాములకు మించి తేడా వస్తే ఆ రోజు దాన్ని పక్కన పెట్టేయండి. మూలకొక తూకం చూపించే కాటాలే ఎక్కువ, అది దండి కొట్టడం కాదు, ఇసుకలో ఒక కాలు దిగడం. కింద రెండడుగుల చెక్కపలక వేసి, కాటాలోని నీటిబుడగ నడిమికి వచ్చేలా కాళ్లు తిప్పితే సరిపోతుంది. బ్యాటరీ తగ్గినా అంకెలు ఊగుతాయి, గాలికీ ఊగుతాయి, మూడు వైపులా అట్ట నిలబెట్టండి. పలక మీద కనిష్ఠం 100 గ్రాములని రాసి ఉంటే 50 గ్రాముల అల్లం దాని మీద తూచడం తప్పు. తూకం చూసుకోవడానికి గేటు దగ్గర ఒక కాటా కొనేవాళ్ల కోసమే ఉంచండి. కొసరు వేయడం రైతు ఇష్టం, తూకం మాత్రం కొసరుకు ముందే సరిపోవాలి.

తినే సరుకు: ఏది అలాగే, ఏది రిజిస్ట్రేషన్‌తో, ఏది వద్దు

రైతు తన పొలంలో పండిన కాయ, కూర, ధాన్యం తెచ్చి అమ్మితే 2006 ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే మిరపకాయ కారమైతే, మామిడికాయ ఆవకాయైతే, పాలు పెరుగైతే కథ మారుతుంది. పచ్చళ్లు, పొడులు, తేనె, నెయ్యి, అరిసెలు, ఇడ్లీ బండి, చెరుకు రసం అన్నిటికీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు కావాలి. అమ్మకం తక్కువగా ఉన్న చిన్నవాళ్లు ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్లో ఫారం ఏ నింపి, రుసుము కట్టి రిజిస్టరైతే చాలు. ఫోటో, గుర్తింపు కార్డు చాలు. 14 అంకెల నంబరు స్టాలు ముందు కనపడాలి. సీసాలో, కవరులో కట్టి అమ్మితే పేరు, చిరునామా, దినుసులు, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, గరిష్ఠ ధర, నంబరు అన్నీ లేబులు మీద ఉండాలి.

మంచి ఉద్దేశంతో వచ్చి ఇరుక్కుపోయేది ఈ మూడింటిలో. గానుగ నూనె క్యానుల్లో తెచ్చి, కొనేవాళ్ల సీసాలో పోసి అమ్మడం కుదరదు, వంట నూనె విడిగా అమ్మకూడదు, సీలు వేసిన సీసాలోనే అమ్మాలి. రెండోది ఉప్పు. ఇసకపల్లి మడుల ఉప్పు బాగుంటుందని బస్తా తెచ్చి కొలిచి అమ్మొద్దు, అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం నిషేధం. మూడోది కార్బైడుతో మగ్గబెట్టిన మామిడి, అరటి. కార్బైడు నిషేధం, ఇథిలీన్ వాయువు మాత్రం 100 పీపీఎం వరకు అనుమతి ఉంది. కాయల నడుమ చిన్న పొట్లం కనపడితే ఆ రైతు ఆ సీజనుకు సంతలోకి రాకూడదు. ఉదయగిరి వైపు నుంచి వచ్చినా ఊళ్లో పెద్దాయన తోటదైనా ఇదే నియమం.

‘సేంద్రియం’ బోర్డు విషయంలో 2017 సేంద్రియ ఆహార నియమాలు చిన్న రైతుకు వెసులుబాటిచ్చాయి. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకమున్న రైతు నేరుగా వినియోగదారుకే అమ్మితే సర్టిఫికెట్ లేకున్నా అమ్మొచ్చు, సర్టిఫికెట్ ఉన్న సేంద్రియ సరుకుకు వేసే జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేసుకోకూడదు. అలాంటి బోర్డు పెట్టిన రైతు పొలానికి సీజనుకొకసారి వెళ్లి చూసి రండి.

కోళ్లు కోయడం, చేపలు శుభ్రం చేయడం ఇదే వరసలో వద్దు. నీళ్లూ నెత్తురూ పోయే దారి లేక ఈగలు ముసిరితే కూరగాయలవాళ్లూ నష్టపోతారు.

చెత్త, నీళ్లు, గాలివాన

లైసెన్సు లేని చోట నూరు మందికి మించి పోగయ్యేట్టయితే స్థానిక సంస్థకు కనీసం మూడు పనిదినాల ముందు తెలపాలని ఘనవ్యర్థాల నియమాల్లోనే ఉంది. మీ లైసెన్సు దరఖాస్తులోనే ఏడాది పొడవునా సంత తేదీలు రాసిచ్చేయండి. తట్టకు మూడు కిలోలు వేసుకున్నా పూటకు నూరు కిలోల పైన ఆకులు, కుళ్లు కాయలు మిగులుతాయి. ముందే ఒక పశువుల కాపరితో మాట్లాడుకుంటే సంత ముగిసిన అరగంటకల్లా ఎత్తుకెళ్తాడు, కాకపోతే రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ తాళ్లు అందులో పడకూడదు. 120 మైక్రాన్లకు తక్కువ కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. గేటు దగ్గర గుడ్డ సంచులు 10 రూపాయలకు పెట్టండి. రెండు 200 లీటర్ల కుళాయి డ్రమ్ములు, ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి తప్పనిసరి. రైతమ్మలు తెల్లారి నాలుగింటికే ఇంట్లోంచి బయల్దేరి వస్తారు. కాలువ నీళ్లు కూరల మీద చల్లనివ్వకండి.

సంత వేళలు ఎండాకాలం అయిదున్నర నుంచి తొమ్మిదింటి వరకు, మిగతా రోజుల్లో ఆరు నుంచి పది. మన దగ్గర అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, తుపాన్లూ అప్పుడే. టార్పాలిన్ గుంజకు ఒక్కోదానికి 20 కిలోల ఇసుక బస్తా కట్టండి, తీరం దగ్గరి ఇసక నేలలో మేకు నిలవదు. ముందురోజు సాయంత్రం నాలుగింటికి వాతావరణ హెచ్చరిక చూసి, సంత ఉందో లేదో అయిదింటికల్లా రైతుల గ్రూపులో చెప్పేయాలి. ఆరింటికి ఆకుకూర కోయడం మొదలవుతుంది, ఆ తర్వాత చెబితే నష్టం రైతుదే.

స్టాలు రుసుము మొదటి మూడు నెలలు నామమాత్రంగా పెట్టండి. ఒక లెక్క: 40 మంది, 50 రూపాయల చొప్పున 2,000. అందులో ఊడ్చేవాళ్ల కూలి, నీళ్లు, ఆశీలు గంపగుత్త, జాగా అద్దె పోవాలి. చాలకపోతే ఇడ్లీ బండి దగ్గర ఎక్కువ తీసుకోండి, కూర తట్ట దగ్గర కాదు. ఏడాదికి రుసుముల మొత్తం 20 లక్షలు దాటనంతవరకు మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ బాధ్యత రాదు. సొంత పంట అమ్ముకునే రైతుకు అసలే లేదు.

అన్ని కాగితాల నకళ్లూ ఒకే ఫైల్లో పెట్టి, సంత జరిగే పూట గేటు బల్ల మీదే ఉంచండి. అట్ట లోపల గడువు తేదీలు రాయండి: ఏ కాటా సీలు ఏ త్రైమాసికంలో, ఎవరి సీసీఆర్‌సీ ఎప్పటివరకు, పచ్చళ్లావిడ రిజిస్ట్రేషన్ ఎప్పుడు, జాగా ఒప్పందం ఏ నెలలో. అన్నిటికన్నా పైన ఎర్ర సిరాతో జనవరి అని రాసి పెట్టుకోండి. కొత్త ఏడాది ఆశీలు పాటకు ప్రకటన రాసేటప్పుడు, నిరుటి మినహాయింపు వాక్యం అందులోకి దానంతట అది రాదు.